పదకొండు సెకన్లు

పియానో తంతుల మధ్య ఫెల్ట్ పట్టీ దూర్చి, మార్లిస్ కర్వోనెన్ మీట నొక్కి తల వంచింది. శబ్దం అలలా ఊగుతోంది. లేచి, పడి, మళ్లీ లేస్తోంది. వేరే ఇళ్లలో పియానో అయితే ఆ ఊగు పూర్తిగా ఆగేదాకా ఆమె శ్రుతి చేసే పిడి తిప్పేది. ఈ పియానోకి అది పనికిరాదు. ఒక్కో జత తంతుల మధ్య కాస్త ఎడం ఉండాలి. ఆ ఎడం ఎంతో చెవికే తెలియాలి. పిడిని వెంట్రుకవాసి కిందికి లాగి, మళ్లీ నొక్కి వింది. సరిపోయింది. రబ్బరు బిరడా తీసి పక్క తంతికి మార్చింది.

ఈ శ్రుతి ఎలా చెయ్యాలో ఎక్కడా రాసి లేదు. స్వరపత్రం మొదటి పేజీ అంచున లోవెల్ పెన్సిల్‌తో ఒకే ముక్క రాసి పెట్టాడు: 'మార్లిస్‌ని అడగండి.'

లోవెల్ బ్రాండ్రెత్ పోయి రెండేళ్లయింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, కిటికీ పక్క కుర్చీలో కూర్చునే పోయాడు. ఆయన న్యూయార్క్ వదిలి, దుంగలు మోసే లారీ మీద పియానో ఎక్కించుకుని హామరి సరస్సు ఒడ్డుకి వచ్చినప్పుడు ఫిన్‌లాండ్ నుంచి వలస వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డవాళ్లంతా నవ్వారట. గడ్డకట్టిన సరస్సు పగిలే చప్పుణ్ణి టేపు మీద పట్టుకునే మనిషిని వాళ్లు అంతకుముందు చూడలేదు. ఇప్పుడు అదే ఊళ్లో ఆయన ఇంటిని సంగీతకారుల విడిదిగా మార్చి, సెప్టెంబరు చివరి శనివారం తెరవబోతున్నారు. ఆయనకి దేశదేశాల్లో పేరు తెచ్చిన 'ఉత్తరపు ఒడ్డు' అనే స్వరరచన ఆ రోజు ఈ ముందుగదిలోనే, ఈ పియానోతోనే వినిపిస్తారు. ఇవాళ బుధవారం.

మార్లిస్ ఇంకో మీట నొక్కింది. నొక్కి, అలవాటుకొద్దీ ఆగింది. పక్కగదిలోంచి 'ఇంకొంచెం కిందికి' అనే మాట వస్తుందని చెవి ఎదురుచూసింది. రాలేదు. అయినా ఇంకొంచెం కిందికే దింపింది. ఆయన ఉంటే అదే అనేవాడు.

నవోమి ఫైన్‌గోల్డ్ చేతిలో కాగితాలతో లోపలికొచ్చింది. తూర్పు రాష్ట్రంలో ఏదో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మనిషి. లోవెల్ జీవిత చరిత్ర రాస్తూ పదకొండేళ్లుగా ఈ ఊరికి వచ్చిపోతోంది. శనివారం వచ్చేవాళ్లకి పంచే చిన్న పుస్తకం అచ్చుకి వెళ్లబోతోందనీ, మార్లిస్ తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటే మంచిదనీ చెప్పి, కాగితాలు పియానో మూత మీద పెట్టింది.

మార్లిస్ పిడి పక్కన పెట్టి కళ్లజోడు తగిలించుకుంది. ఆమె పేరు సరిగ్గానే ఉంది. విరాళాలిచ్చినవాళ్ల పేర్లు రెండు పేజీల నిండా ఉన్నాయి. కుర్చీలు అరువిస్తున్నందుకు ఆమె బాబాయి కొడుకు వెర్న్ పేరుంది. టేపు రికార్డరు తయారుచేసిన కంపెనీ పేరు కూడా ఉంది. ఆ కింద ఇలా ఉంది: 'టేపు మీద గొంతు: గుర్తు తెలియని స్త్రీ. 1966 మార్చిలో సరస్సు ఒడ్డున ఆవిడ బహుశా తన కుక్కను పిలుస్తోంది.'

మార్లిస్ ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇక్కడ ఒక తప్పుంది," అంది.

నవోమి వెంటనే పెన్సిల్ తీసింది. తప్పు ఎవరు చూపినా చిన్నబుచ్చుకోని మనిషి ఆమె.

"కుక్కను కాదు. మా నాన్నని."

నవోమి పెన్సిల్ కాగితం మీద ఆగిపోయింది.

"పిలిచేది మా అమ్మ. మా నాన్న పేరు ఎయినో. లోవెల్ ఆ పేరులో ముందు సగం కోసేశాడు. మిగిలింది 'నో' ఒక్కటే."

నవోమి పియానో ముందున్న బల్ల మీద కూర్చుండిపోయింది. ఆ సంగీతంలో ఒక స్త్రీ అరగంటసేపు 'నో' అంటూనే ఉంటుంది. ఆ గొంతు పియానో కింద పెట్టిన స్పీకరులోంచి వస్తుంది. అడుగున కాలిమీట అణచిపెట్టి తంతులన్నీ వదిలేస్తారు కాబట్టి, ఎవరూ తాకకుండానే తంతులు ఆ గొంతుకి పలుకుతాయి. పియానో వాయించే మనిషి మధ్యమధ్యలో ఒకటో రెండో మీటలు తాకుతాడంతే. ఆ స్త్రీ ఎందుకు వద్దంటోంది, ఎవరిని కాదంటోంది అని యాభై ఏళ్లుగా పెద్దపెద్దవాళ్లు వ్యాసాలు రాశారు.

"ఆ ఒక్క మాట మీద నేను నలభై పేజీలు రాశాను," అంది నవోమి. నవ్వలేదు. "పదకొండేళ్లుగా మీ ఇంట్లో కాఫీ తాగుతున్నాను. ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు?"

"మీరు లోవెల్ గురించి అడిగారు. ఆయన గురించి చెప్పాను."

అలా అన్నాక మార్లిస్‌కే ఆ మాట కటువుగా తోచింది. అందుకని మిగతాదీ చెప్పింది. తనకి పంతొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి ఈ పియానో ఈ శ్రుతికి తెచ్చిందనీ, సరిచూడటానికి లోవెల్ టేపు పెట్టగానే గొంతు గుర్తుపట్టిందనీ చెప్పింది. అడిగితే ఆయన మీ అమ్మనడుగు అన్నాడు. అమ్మనడిగితే ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దంది. ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు. నాన్న ఆ మార్చి పంతొమ్మిదిన, మంచు పలచబడకముందే చేపలు పట్టే గుడిసెను ఒడ్డుకి లాక్కురావడానికి గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లాడు. పొగమంచు కమ్మింది. అమ్మ ఒడ్డున నిలబడి పిలిచింది. జవాబు లేదు. మే నెలలో మంచు కరిగాక శవమై దొరికాడు. అప్పుడు తనకి ఆరేళ్లు, జ్వరంతో పడుకుని ఉంది. మంచు చప్పుడు పట్టుకోవడానికి లోవెల్ తన వరండాలో పెట్టిన రికార్డరు ఆ సాయంత్రమంతా తిరుగుతూనే ఉంది.

"ఇందరి పేర్లు వేశారు," అంది మార్లిస్. "కుర్చీల వెర్న్ పేరు కూడా వేశారు. ఆవిడదీ వెయ్యండి. హిల్యా కర్వోనెన్."

నవోమి కళ్లు తుడుచుకుంది. పేరు తప్పకుండా వేస్తానంది, అక్షరాలు అడిగి రాసుకుంది. కాసేపాగి లోపలికెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. లోపల టేపు చుట్ట ఒకటి. పైన లోవెల్ చేతిరాతలో ఆ తేదీ తప్ప ఏమీ లేదు. ఈ చుట్టని ఇంతవరకు లోవెల్ తప్ప ఎవరూ వినలేదనీ, వచ్చేవారం విశ్వవిద్యాలయం ల్యాబుకి పంపాలనీ, అక్కడ గాలిరొద తీసేసి ఒక్కో శబ్దాన్నీ శుభ్రంగా విడదీస్తారనీ చెప్పింది.

"వాళ్లకన్నా ముందు మీరు వినాలి. ఇది మీది."

మర్నాడు నవోమి పియానో వాయించే అతన్ని తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్లింది. లోవెల్ ఇంట్లో మార్లిస్ ఒక్కతే ఉంది. బయట బర్చ్ చెట్ల ఆకులు పసుపు తిరిగాయి. ఆమె టేపు కొసను లాగి, రికార్డరులో శబ్దం చదివే తలల ముందునుంచి పోనిచ్చి, ఖాళీ చుట్టకి రెండు మెలికలు తిప్పింది. ఈ పనులన్నీ లోవెల్ నేర్పినవే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట తిప్పింది.

ముందు గాలి. తరవాత చాలాసేపు మంచు. దూరంగా ఎవరో రేకుల షెడ్డు మీద పెద్ద దుంగ పడేసినట్టు ఒక మోత, దాని వెనకే సరస్సు ఈ చివరనుంచి ఆ చివరకి చీలుతున్న సన్నటి ఈల. ఆ తరవాత అమ్మ.

"ఎయినో."

సంగీతంలో విన్న గొంతు కాదది. అక్కడ అది ఒక స్వరం. ఇక్కడ అది అన్నం చల్లారిపోతోందని పిలిచే ఆడమనిషి గొంతు. కాస్త విసుగు కూడా ఉంది అందులో. ముప్ఫై ఒక్కేళ్ల అమ్మ. మార్లిస్ ఇప్పుడు ఆవిడ కన్నా ఇరవై ఎనిమిదేళ్లు పెద్దది. పిలుపు పిలుపుకీ ఆ విసుగు తగ్గుతూ వచ్చింది. విసుగు పూర్తిగా పోయిన చోట మార్లిస్ కళ్లు మూసుకుంది.

అప్పుడు, ఒక పిలుపు ముగిసిన వెంటనే, గాలి అడుగున ఏదో వినిపించింది.

ఎవరైనా మంచు అనుకుంటారు. మార్లిస్ చెవి అనుకోలేదు. రెండు తంతుల మధ్య దాక్కున్న సన్నటి ఊగుని నలభై ఏళ్లుగా వెతుకుతున్న చెవి అది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ వింది. మళ్లీ తిప్పింది. మూడోసారికి అది గొంతని తేలింది. అమ్మ గొంతు ఏ శ్రుతిలో ఆగిందో సరిగ్గా అదే శ్రుతిలో మొదలైంది ఆ మగగొంతు. ఇంట్లో మాట్లాడుకునే ఫిన్నిష్‌లో మూడే మాటలు.

హిల్యా. రావద్దు. మళ్లీ, రావద్దు.

యాభై మూడేళ్లలో నాన్న గొంతు ఎలా ఉండేదో ఆమె పూర్తిగా మరిచిపోయింది. మరిచిపోయానని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడది చెవిలో, వేలెడు దూరంలో ఉంది.

చాలాసేపటికి లేచి గోడ గడియారం కింద నిలబడి, ఆ భాగం మళ్లీ పెట్టి ముల్లు చూసింది. అమ్మ పిలుపు ఆగిన దగ్గర్నుంచి తరవాతి పిలుపుదాకా పదకొండు సెకన్లు. 'ఉత్తరపు ఒడ్డు' నడిమధ్యలో పదకొండు సెకన్లపాటు గొంతు ఉండదు. తంతులు మాత్రం వాటంతటవే మోగుతూ సన్నగిల్లుతాయి. దాని గురించి కూడా జనం పుస్తకాలు రాశారు. ఆ ఖాళీ ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. లోవెల్ విన్నాడు. విని, సంగీతం కోసం తీసిన నకలులో ఆ ముక్కని బ్లేడుతో కోసి, ఆ పొడవున ఖాళీ టేపు అతికాడు.

వెనక కిటికీ పక్కనున్న లోవెల్ కుర్చీ కిర్రుమన్నట్టనిపించింది. మార్లిస్ తల తిప్పలేదు. హెడ్‌ఫోన్లు తీసి, కుర్చీ వైపు చూడకుండానే బయటికొచ్చింది.

ఇంటికెళ్లేసరికి హిల్యా వంటగదిలో పాస్టీలు చేస్తోంది. ఎనభై నాలుగేళ్లు. కళ్లు మసకబారాయిగాని చేతులు ఇంకా చురుకే. పిండి రేకులో మాంసం, దుంపలు పెట్టి, కజ్జికాయ అంచు మడిచినట్టు వేళ్లతో అంచు మడుస్తోంది. మార్లిస్ కోటు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నాన్న జవాబిచ్చాడు."

హిల్యా వేళ్లు ఆగలేదు.

"ఆ రోజు. టేపులో ఉంది. గాలి అటు ఉంది కాబట్టి నీకు వినపడి ఉండదు. లోవెల్‌కి తెలుసు. విని దాచాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను, ఆయన పియానోకి ఇన్నేళ్లు చాకిరీ చేశాను, ఆయన పోతే ఏడ్చాను. ఒక్క ముక్క చెప్పలేదు."

హిల్యా అంచు చివరిదాకా మడిచింది. పాస్టీని పళ్లెంలో పెట్టి, చేతికంటిన పిండి దులుపుకుంది.

"వినపడింది," అంది.

మార్లిస్ అర్థం కానట్టు చూసింది.

"నాకు వినపడింది. ఏమన్నాడో కూడా వినపడింది. రావద్దన్నాడు."

ఆ తరవాత హిల్యా చెప్పినదంతా, ఊరి సంగతులు చెప్పినట్టే, గొంతు పెంచకుండా తగ్గించకుండా చెప్పింది. ఒక అడుగు మంచు మీద వేసిందట. బూటు పైదాకా నీళ్లొచ్చాయట. అప్పుడే రెండోసారి రావద్దన్నాడు. ఆగిపోయింది. ఇంకోసారి పిలిచింది, ఇంకోసారి పిలిచింది, మళ్లీ జవాబు రాలేదు. పరుగెత్తుకుంటూ ఎయినో తమ్ముడు ఆర్వో ఇంటికెళ్లింది. ఆర్వో, పక్కింటి అన్నదమ్ములిద్దరూ తాళ్లూ పలకలూ తీసుకుని ఒడ్డుకొచ్చారు. మంచు అంచున నిలబడి ఆర్వో ఒకటే అడిగాడు: వదినా, అన్న జవాబిచ్చాడా?

"లేదన్నాను," అంది హిల్యా. "ఇచ్చాడంటే ముగ్గురూ దిగేవాళ్లు. ఆర్వోకి ఈత రాదు. వాడి భార్య సిల్వియా కడుపుతో ఉంది, వెర్న్ ఇంకా పుట్టలేదు. జవాబు లేదనేసరికి ఇక పోయినట్టేననుకుని తెల్లారేదాకా ఆగారు."

"వాళ్లని కాపాడావు."

"కాపాడానో ఏమో. ముగ్గురు మగాళ్లు పలకలు వేసుకుని పాక్కుంటూ వెళ్తే మంచు ఆగేదేమో. ఆగేది కాదేమో. యాభై మూడేళ్లుగా ఆ మంచు ఎంత మందముందో కొలుస్తూనే ఉన్నాను."

హిల్యా ఇంకో పిండిముద్ద తీసుకుని కర్రతో వత్తడం మొదలుపెట్టింది. మార్లిస్ అడగకముందే మిగతాదీ చెప్పింది. వారం తరవాత లోవెల్ ఆ బరువైన రికార్డరు పెట్టె మోసుకుంటూ వచ్చాడు. ఇందులో ఒక మగగొంతుంది, మీ భాషలో ఏదో అంటోంది, ఏమిటది అనడిగాడు. మంచు చప్పుడని హిల్యా అంది. ఆయన వాదించలేదు. పెట్టె మూసి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి చెవులున్నాయని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. అందుకే చెప్పేసింది. చెరిపెయ్యమంది. చెరపడం తనవల్ల కాదన్నాడు, కాని నకలులో కోసేస్తాను, ఎవరికీ వినిపించను అన్నాడు. అప్పుడే ఆమె గొంతు వాడుకోవచ్చా అనడిగాడు.

"ఏం చేసుకుంటావో చేసుకో అన్నాను. ఇక ఆ గొంతుతో నేను పిలిచేదెవర్ని? ఒకటే అడిగాను. నా పేరు ఎక్కడా రాకూడదు అన్నాను. పేరొస్తే జనమొస్తారు. జనమొస్తే అడుగుతారు. అడిగితే ఎవడో ఒకడు వింటాడు."

మార్లిస్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోటు గుండీ ఒకటి విప్పింది, మళ్లీ పెట్టుకుంది.

"నీ పేరు చెప్పేశానమ్మా. నవోమికి. పుస్తకంలో వేస్తున్నారు."

హిల్యా పొయ్యి తలుపు తెరిచి పళ్లెం లోపల పెట్టింది. తలుపు మూసి, దాని పిడి మీదే చెయ్యి ఉంచి నిలబడింది.

"అలాగా," అంది.

శుక్రవారం పొద్దున మార్లిస్ సరస్సు ఒడ్డుకి వెళ్లేసరికి వెర్న్ లారీలోంచి కుర్చీలు దింపుతున్నాడు. యాభై మూడేళ్ల భారీ మనిషి, చేపల ఎరలు, పెట్రోలు అమ్మే దుకాణం నడుపుతాడు. ఆమెను చూడగానే రెండు చంకల్లో రెండేసి కుర్చీలతోనే ఎదురొచ్చాడు.

"పెద్దమ్మ పేరు పుస్తకంలో వేస్తున్నారటగా. నాకు మాత్రం కుర్చీల కింద వేశారు. ఇన్నాళ్లూ మన ఇంట్లో ఇంత పెద్ద పాటగత్తె ఉందని ఒక్కరూ చెప్పలేదు," అన్నాడు.

తరవాత కుర్చీలు దించి, టోపీ వెనక్కి నెట్టుకుని, నవ్వు తగ్గించాడు. ఆ రోజుటి టేపు మొత్తం ఉందట కదా, తననీ విననిస్తారా అనడిగాడు.

"మా నాన్న పోయేదాకా ఒకటే మాట, మార్లిస్. వదిన ఒక్క జవాబు విన్నానన్నా నేను వెళ్లేవాణ్ణి అనేవాడు. తాగితే ఏడ్చేవాడు. ఒక్క జవాబు. అంతే అనేవాడు."

మార్లిస్ అతని భుజం మీద చెయ్యి వేసింది. తీసేసి లోపలికెళ్లింది.

ముందుగదిలో నవోమి సంబరంగా ఉంది. పేజీ మార్చి మళ్లీ అచ్చుకిచ్చానంది. శనివారం కార్యక్రమం మొదట్లో అసలు టేపులోంచి కాస్త వినిపించి, ఈ గొంతు ఫలానా ఆవిడదని చెప్తే బాగుంటుందనుకుంటున్నానంది. అన్నింటికీ మార్లిస్ తలూపింది. నవోమి పియానో వాయించే అతనితో కలిసి మధ్యాహ్నం భోజనానికి ఊళ్లోకి వెళ్లేదాకా ఆగి, లోపలిగది తలుపు దగ్గరగా వేసుకుంది.

టేపుని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పుతూ, ఆ పిలుపు ఎక్కడ ముగుస్తుందో పట్టుకుంది. టేపు వెనకవైపు తెల్లటి పెన్సిల్‌తో గీత పెట్టింది. తరవాతి పిలుపు మొదలయ్యే చోట ఇంకో గీత. గాడి ఉన్న అల్యూమినియం దిమ్మలో టేపుని పరిచి, వేలితో ఒత్తి, బ్లేడు ఏటవాలుగా ఆనించింది. బ్లేడు పైకెత్తి, గీతని ఇంకోసారి సరిచూసుకుంది. నాన్న గొంతు వినేవాళ్లు ఈ లోకంలో ఇక ఉండరు. ఇంకోసారి వింటే కొయ్యలేనని తెలిసి, వినకుండానే కోసింది. రెండు కొసలూ ఎదురెదురుగా జరిపి, అతుకు టేపు వేసి, గోరుతో గట్టిగా రుద్దింది. ఏడడుగుల గోధుమరంగు పట్టీ బల్ల అంచునుంచి కిందికి వేలాడుతోంది. దాన్ని నాలుగు వేళ్లకీ చుట్టి కోటు జేబులో పెట్టుకుంది.

నవోమి తిరిగొచ్చాక ఆమె నిలబడే చెప్పింది.

"నేను పొరపడ్డాను. టేపు మొత్తం విన్నాను. అది మా అమ్మ గొంతు కాదు."

నవోమి చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఎయినో అనే పేరు సంగతేమిటని మెల్లగా అడిగింది. ఈ సరస్సు చుట్టూ ఎయినోలకి ఏం కొదవ, ఏ ఎయినోనో, ఎవరి భార్యో అంది మార్లిస్. ఆమె చెంపలు కాలిపోతున్నాయి. ఇంత పెద్ద అబద్ధం ఆమె ఎప్పుడూ చెప్పలేదు, చెప్పడం చేతకాలేదు కూడా.

నవోమి రికార్డరు దగ్గరికెళ్లింది. చుట్టని వేలితో కొంచెం కొంచెంగా తిప్పుతూ వెలుతురుకి పెట్టి చూసింది. ఒకచోట వేలు ఆగింది.

"లోవెల్ వేసిన అతుకులు నేను వందలు చూశాను. యాభై ఏళ్లకి అవన్నీ పచ్చబడిపోతాయి," అంది. "ఇది తెల్లగా ఉంది."

కిటికీ బయట వెర్న్ కుర్చీలు వరసగా వేస్తూ, ఒక వరస వంకరగా వచ్చిందని మళ్లీ వేస్తున్నాడు.

"ఇక్కడ ఏముంది, మార్లిస్?"

"మంచు."

నవోమి చుట్ట తీసి పెట్టెలో పెట్టి మూత వేసింది. మూత మీద రెండు అరచేతులూ ఉంచి నిలబడింది. పదకొండేళ్లుగా ఆమె ఎన్ని పెట్టెలు తెరిచిందో, ఎన్ని ఊళ్లు తిరిగిందో, మార్లిస్‌కి కొంత తెలుసు. ఆ చేతులు ఆ మూతని మళ్లీ తెరుస్తాయని ఎదురుచూసింది. అవి తెరవలేదు. నవోమి బల్ల దగ్గర కూర్చుని, అచ్చు కాగితం ముందుకి లాక్కుని, హిల్యా కర్వోనెన్ అన్న రెండు మాటల మీదా గీత కొట్టింది. పైన పాత మాటలే మళ్లీ రాసింది: గుర్తు తెలియని స్త్రీ.

"కుక్క సంగతి మాత్రం తీసేస్తున్నాను," అంది తలెత్తకుండానే.

సాయంత్రం వెర్న్‌కి కూడా అదే అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఊరంతా చాటేశానే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను అని అతను తల గోక్కున్నాడు. టేపులో ఇంకేమైనా ఉందా అని రెండోసారి అడిగాడు. లేదని మార్లిస్ రెండోసారీ చెప్పింది. తల్లి అప్పుడు మంచు అంచున నిలబడి 'లేదు' అన్న ఆ ఒక్క మాట ఎలా అందో ఆమెకి ఆ నిమిషంలో కొంచెం తెలిసింది.

ఇంట్లో ఆ పట్టీని తల్లి ముందు బల్ల మీద పెట్టింది. ఏమిటో చెప్పలేదు. హిల్యా దాన్ని కళ్ల దగ్గరగా పట్టుకుని చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది, అలా పెట్టుకున్నందుకు తనే సిగ్గుపడినట్టు దించేసింది. ఊలు చుట్టినట్టు వేళ్ల మీద మళ్లీ సరిగ్గా చుట్టి, తన చేతిసంచిలో రుమాలు కింద దాచింది. పడుకోబోయే ముందు, రేపు తనూ వస్తానంది.

శనివారం మూడుగంటలకి కుర్చీలన్నీ నిండాయి. సగం మంది ఊరివాళ్లు, సగం మంది దూరాభారం నుంచి వచ్చినవాళ్లు. హిల్యాని మార్లిస్ మూడో వరసలో, నడవా పక్కన కూర్చోబెట్టింది. హిల్యాకి అటుపక్క న్యూయార్క్ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది, ఒళ్లో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని. నవోమి లేచి లోవెల్ గురించి నాలుగు మాటలు చెప్పింది. టేపు గురించి ఏమీ చెప్పలేదు.

గొంతు మొదలైంది. హిల్యా ఇన్నేళ్లలో ఈ సంగీతం ఒక్కసారీ వినలేదు. మార్లిస్ పియానో వైపు చూడకుండా తల్లి మొహమే చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో ఏమీ మారలేదు. గొంతు తరవాత గొంతు వచ్చి తంతుల మీద పడుతుంటే, తంతులు ఒక్కొక్కటే మేల్కొని పలకసాగాయి. నలభై ఏళ్లుగా తాను ఏ ఊగుని వెతుకుతోందో, ఎవరి గొంతుకి పియానోని కడుతోందో మార్లిస్‌కి తెలుసు. కాని గొంతుగలావిడ పక్కన కూర్చుని వినడం ఇదే మొదలు.

నడిమధ్యలో గొంతు ఆగింది. తంతులు మోగుతూనే ఉన్నాయి. గదిలో ఎవరూ దగ్గలేదు. హిల్యా కొంచెం ముందుకి వంగింది, మసక కళ్లు చిట్లించి, పొగమంచులోకి చూసేవాళ్లలా. తంతుల మోత సన్నబడింది, ఇంకా సన్నబడింది. అది పూర్తిగా పోకముందే గొంతు మళ్లీ అందుకుంది. హిల్యా వెనక్కి వాలింది.

అంతా అయ్యాక జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంటూ, ముసలావిడ వైపు తిరిగి మర్యాదగా, మీకెలా అనిపించిందండీ అనడిగింది.

హిల్యా ఒళ్లోని చేతిసంచిని దగ్గరికి తీసుకుంది.

"ఆవిడ ఇంకాసేపు పిలవాల్సింది," అంది.